జిమ్‌ని గుడిసెలోంచి తప్పించడం: మూడు గంటల పనికి మూడు వారాలు ఎందుకు పట్టింది?

#1 తెప్పరాయుడు

హకల్‌బెరీ ఫిన్ నవలలో 32వ చాప్టర్ నుంచి చివరిదాకా, అంటే పన్నెండు చాప్టర్లు, అర్కాన్సాలో, టామ్ సాయర్ చుట్టాలైన ఫెల్ప్స్ వాళ్ళ పొలం దగ్గర నడుస్తాయి. పారిపోయి పట్టుబడిన బానిస జిమ్‌ని అక్కడ బంధిస్తే, హక్, వాడి స్నేహితుడు టామ్ కలిసి తప్పిస్తారు. రచయిత మార్క్ ట్వేన్ ముగింపు చెడగొట్టాడా లేదా అన్న తగువు ఎలాగూ వస్తుంది. అంతకంటే ముందు ఆ తప్పించడం పనిగా ఎలా జరిగిందో ఓసారి లెక్క తేలుద్దాం.

స్థలం ఇదీ. జిమ్‌ని పెట్టింది దుంగలతో కట్టిన చిన్న గుడిసెలో. తలుపుకి తాళంకప్ప. ఉత్తరం వైపు కాస్త ఎత్తులో చదరపు కిటికీ కంత, దానికి అడ్డంగా ఒకే ఒక్క దళసరి చెక్క మేకులు కొట్టి ఉంది. గుడిసెకీ కంచెకీ మధ్య, వెనక వైపు చూరుకి ఆనించి కట్టిన పలకల కొట్టు. వెడల్పు సుమారు 6 అడుగులు, పొడవు గుడిసెంత. దాని తలుపు దక్షిణం కొసన, దానికీ తాళమే. లోపల గచ్చు లేదు, తుప్పు పట్టిన పారలూ పికాసులూ విరిగిన నాగలీ ఉన్నాయి. జిమ్ కాలికి గొలుసు, గొలుసు రెండో కొస మంచం కోడుకి. కాపలా మనిషి లేడు. అన్నం తెచ్చే నాట్ అనే బానిస చేతికే సైలస్ ఫెల్ప్స్ తాళంచెవి ఇచ్చి పంపుతాడు.

హక్ వేసిన ప్లాన్ నాలుగు ముక్కలు: దోనె చూసుకోవడం, దీవి చాటున దాచిన తెప్పని తెచ్చుకోవడం, చీకటి రాత్రి ముసలాయన నిద్రపోయాక ఆయన పంట్లాం జేబులోంచి తాళంచెవి కొట్టెయ్యడం, తెప్పెక్కి పోవడం. టామ్ దీన్ని కాదన్నది పనిచెయ్యదని కాదు, మరీ తేలికని. పుస్తకాల్లో ఖైదీల్లాగే అంతా జరగాలని వాడి పట్టు.

ఇందులో నిజంగా అక్కరకొచ్చిన పనేది, ఊరికే చేసిందేది?

#2 సానరాయి

అక్కరకొచ్చింది కన్నం ఒక్కటే. దానికి పట్టిన సమయం ట్వేన్ స్పష్టంగా ఇచ్చాడు. మొదటి రాత్రి భోజనాల కత్తులతో తవ్వారు. దాదాపు అర్ధరాత్రి దాకా తవ్వితే చేతులు బొబ్బలెక్కాయి, కన్నం మాత్రం కనపడలేదు. ఇది టామ్ చెప్పిన ఖైదీకి పట్టినట్టు ముప్ఫయ్యేడేళ్ళ పని కాదు, ముప్ఫయ్యెనిమిదేళ్ళ పని అంటాడు హక్. అప్పుడు టామ్ ఒక దారి కనిపెట్టాడు: పికాసుతో తవ్వుతూ అది కత్తి అనుకోవడం! ఒళ్ళు సహకరించినంతసేపు, అంటే ఓ అరగంట తవ్వారు. మర్నాటి రాత్రి పికాసూ పారా పట్టుకుంటే రెండున్నర గంటల్లో జిమ్ మంచం కింద తేలారు. మొత్తం మూడు గంటలు.

ఇంత సులువుగా ఎందుకైందంటే గుడిసెకి పునాది లేదు. అడుగు దుంగ నేల మీదే పడి ఉంది. కొట్టులో ఆ దుంగ మధ్య భాగం వెంబడి నాలుగైదు అడుగుల మేర సామాను జరిపి, దుంగ కిందుగా దొలిచారు. సరిగ్గా అవతల మంచం. మంచం మీది దుప్పటి ఇంచుమించు నేలదాకా వేలాడుతుంది కాబట్టి, ఎత్తి చూస్తే తప్ప కన్నం కనపడదు. చోటు ఎంపికలో మాత్రం టామ్‌ని మెచ్చుకోవాలి. తవ్విన మన్ను గుల్లబారి ఎక్కువ చోటు తింటుంది, బయట పోస్తే ఇట్టే పట్టిస్తుంది. గచ్చులేని కొట్టులో పాత పనిముట్ల మధ్య ఉంటే అడిగేవాడుండడు.

వెలుతురు సంగతి కూడా చూడండి. లాంతరు వెలుతురు మరీ ఎక్కువై చిక్కు తెస్తుందని, చీకట్లో సన్నగా మెరిసే కుళ్ళిన కర్రముక్కలు రెండు చేతులా పట్టినన్ని ఏరుకొచ్చారు. ఆ మెరుపు కర్రని తినే శిలీంధ్రానిది. దాంతో చదవలేం గానీ, పార ఎక్కడ పడుతోందో తెలుస్తుంది.

#3 వేపచెట్టు_నీడ

కన్నం కూడా ఎందుకండీ? గొలుసు మంచం కోడుకుందని మీరే రాశారు. మంచం ఎత్తితే గొలుసు జారిపోతుంది. కిటికీ చెక్క పీకితే మనిషి పట్టే కంత. హక్ మొదట చెప్పింది అదేగా.

#4 సానరాయి

అవును, టామ్‌కీ తెలుసు. కోడుని రంపంతో కొయ్యాలి, ఆ పొట్టు మింగెయ్యాలి, కోసిన చోట మట్టీ జిడ్డూ పూయాలి అని వాడు చెప్పే మాటల మధ్యలోనే మంచం ఎత్తితే సరిపోతుందని ఒప్పుకుంటాడు. చివరికి కోడు కోశారు, పొట్టు తిన్నారు, ముగ్గురికీ కడుపునొప్పి వచ్చింది.

ఈ గొలుసు అసలు కథ సానరాయి దగ్గర బయటపడుతుంది (నా పేరు అక్కణ్ణుంచే). ఖైదీ రాతిగోడ మీద తన గోడు చెక్కాలని టామ్ పట్టు. గుడిసెవి దుంగ గోడలు. అందుకని మిల్లు దగ్గరున్న పెద్ద సానరాయి దొర్లించుకు రావాలి. ఇద్దరు కుర్రాళ్ళూ సగం దారికే అలిసిపోయారు, మీద పడి నలిగిపోయేలా ఉన్నారు. అప్పుడేం చేశారు? జిమ్‌ని పిలిచారు. జిమ్ మంచం ఎత్తి, గొలుసు జార్చి, మెడకి చుట్టుకుని, కన్నంలోంచి పాకి బయటికొచ్చి, రాయి దొర్లించి, కన్నం వెడల్పు చేసి రాయిని లోపలికి లాగి, మళ్ళీ గొలుసు కోడుకి తగిలించుకుని పడుకున్నాడు.

ఖైదీ జైల్లోంచి బయటికొచ్చి, జైలు సామాను మోసుకుని లోపలికి వెళ్ళాడు. ట్వేన్ దీని మీద ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యడు. ఆ పేజీ నవ్వుతూ చదివి, తర్వాత రెండు నిమిషాలు ఊరుకోవాల్సిన పేజీ.

#5 పాతపుస్తకాల_అటక

టామ్ సరంజామా అంతా గాలిలోంచి ఊడిపడలేదు. వాడు పేర్లు కూడా చెబుతాడు: బ్యారన్ ట్రెంక్, కాసనోవా, చెల్లీనీ, నాలుగో హెన్రీ. ఒక్కో వస్తువూ ఎక్కణ్ణుంచి ఎత్తాడో చూస్తే సరదాగా ఉంటుంది.

చిరిగిన దుప్పట్ల తాడు చెల్లీనీది. ఆ ఇటాలియన్ కంసాలి రోములో సాంతాంజెలో కోటలోంచి పక్కబట్టలు చీల్చిన పేలికలతో దిగాడు, చివర్లో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తిండిలో దాచి పంపడం కాసనోవా పద్ధతి. వెనిస్‌లో సీసపు కప్పు కింద ఖైదులో ఉండగా, ఇనప శూలాన్ని పెద్ద బైబిల్లో పెట్టి, దానిపైన వెన్నలో ఈదుతున్న మెకరోనీ పళ్ళెం ఉంచి, పక్క ఖైదీ బాల్బీకి జైలరు చేతే పంపించాడు. జైలరు కళ్ళు వెన్న ఒలక్కుండా చూసుకోవడం మీదే ఉండాలని ఆ ఎత్తు. 1756 అక్టోబరు 31 రాత్రి బయటపడ్డాడు. లోహపు పాత్రల మీద గీతలు చెక్కడం ట్రెంక్ పని, మాగ్దెబుర్గ్ కోటలో చెంబుల మీద బొమ్మలు చెక్కాడు. ఖైదీ పెంచుకునే మొక్క 1836లో వచ్చిన ఒక ఫ్రెంచి నవలలోది. టామ్ దాన్ని పిచియోలా అని పిలవమంటాడు, కన్నీళ్ళతోనే తడపమంటాడు. జిమ్‌కి కన్నీళ్ళు రావు, కాబట్టి ఉల్లిపాయ ఇస్తానంటాడు.

ముప్ఫయ్యేడేళ్ళు తవ్వి చైనాలో తేలిన ఖైదీ మాత్రం టామ్ సొంత కవిత్వం. వాడు తలుచుకున్న షాతో దీఫ్ కోటలో, డ్యూమా రాసిన కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో నవల నాయకుడు దాంతెస్ ఉన్నది 14 ఏళ్ళు. పైగా బయటపడింది సొరంగంలోంచి కాదు, చనిపోయిన తోటి ఖైదీ ఫారియా శవాన్ని కుట్టిన గోనెలో దూరి.

తేడా గమనించండి. వీళ్ళందరూ దొరికిన దాంతో పని కానిచ్చారు. ఎదురుగా పికాసు ఉంటే చెల్లీనీ కత్తి పట్టేవాడు కాదు.

#6 వంటింటి_లెక్క

తాడు నిచ్చెనని (నూలేణిని) లోపల దాచి జిమ్‌కి పంపడానికి కాల్చిన పై (pie) సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆ అధ్యాయంలో వంట లెక్క తప్పులేకుండా ఉంది.

మనవాళ్ళకి చెప్పాలంటే ఇంగ్లీషు వాళ్ళ పై అంటే పిండితో గిన్నెలా అడుగూ పక్కలూ పరిచి, లోపల కూరడం పెట్టి, పైన పిండి మూతేసి కాల్చేది. వంటిల్లంత కజ్జికాయ అనుకోండి. వీళ్ళు కూరాల్సింది నూలేణి.

మొదటి ప్రయత్నాలకి బేసిన్ల నిండా మూడు సార్లు పిండి పాడైంది, ఒళ్ళు కాలింది, పొగకి కళ్ళు మండిపోయాయి. కారణం: లోపల ఏమీ లేకుండా పై డొల్ల ఒక్కటే కాల్చి తర్వాత ఏణి పెడదామనుకున్నారు. మూత నిలబడదు, నడుం విరిగి కూలుతుంది. పచ్చిపిండి పైకప్పుకి గట్టిపడేదాకా కింద ఆసరా ఉండాలి. చివరికి ఏణిని లోపల పెట్టే కాల్చాలని తట్టింది.

రెండో చిక్కు పాత్ర. బేసిన్లలో కాల్చకపోవడానికి హక్ చెప్పే కారణం వాటి అతుకుల మాటు కరిగిపోతుందని. నిజమే. తగరం, సీసం కలిపిన మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. పై కాలాలంటే దాదాపు 200 డిగ్రీల వేడి కావాలి. నిప్పుల మీద పెడితే అడుగు ఊడుతుంది. అందుకని సైలస్ గారి పూర్వీకుల నాటి ఇత్తడి పెనం అటక మీంచి దించారు. అది వంటపాత్ర కాదు. చలి రాత్రుల్లో నిప్పులు పోసి పక్క వెచ్చబెట్టుకునేది, మూతా పొడుగాటి కర్ర పిడీ ఉంటాయి. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలి. లోపల పిండి పరిచి, నిప్పుల్లో పెట్టి, తాడు కూరి, పిండి కప్పు వేసి, మూత దించి, మూత మీద కూడా నిప్పులు పోశారు. మన దిబ్బరొట్టెకి మూకుడు మీద నిప్పులు పోసినట్టే. పిడి పట్టుకుని 5 అడుగుల దూరంలో హాయిగా నిలబడితే 15 నిమిషాల్లో పై దిగింది.

తినేవాడికి పళ్ళపుల్లలు పీపాలతో తేవాలని హక్ చమత్కారం.

#7 వేపచెట్టు_నీడ

తాడు సంగతి కూడా చెప్పండి. పేలికల తాడు మనిషి బరువు ఆపుతుందా?

#8 సానరాయి

దుప్పటిని సన్నటి పోగులుగా చీల్చి పురిపెట్టారని ఉంది. చీల్చేటప్పుడు నేత పోగుల దిశలోనే చీల్చాలి. ఐమూలగా చీలిస్తే సాగుతుంది, అంచులు పీలికలై తెగుతుంది. ఒక్కో పేటని ఒకవైపు పురిపెట్టి, మూడు పేటల్ని కలిపేటప్పుడు ఎదురు పురి తిప్పాలి. అన్నీ ఒకే వైపు తిప్పితే, బరువు పడగానే తాడు తిరుగుతూ పురి విప్పుకుంటుంది. ముడుల దగ్గర బలం బాగా తగ్గుతుంది కాబట్టి అతుకులు ఒకే చోట పడకూడదు. మనిషిని ఉరితియ్యడానికి సరిపోయేంత గట్టిగా వచ్చిందంటాడు హక్. మొత్తం దుప్పటి వాడారు కనుక నలభై పైలకి సరిపడా తాడైంది, మిగిలింది పారేశారు.

జిమ్ పై విరగ్గొట్టి ఏణి తీసి గడ్డిపరుపులో దాచాడు. ఆ ఏణి మీద ఎవరూ ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు, దిగలేదు. ఎక్కడానికి మేడ ఉంటే కదా.

#9 గోదారి_గట్టు

అందరూ గుడిసె చుట్టూ తిరుగుతున్నారు. నా పట్టు వేరు. జిమ్‌కి గుడిసె ఎప్పుడూ అడ్డం కాదు. అడ్డం నది.

మిసిసిపీ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. జిమ్ బయల్దేరింది మిస్సోరీలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి. అసలు ప్లాన్ ఒహాయో నది మిసిసిపీలో కలిసే కైరో అనే ఊరి దగ్గర దిగి, తెప్ప అమ్మి, స్టీమర్లో ఒహాయో నది ఎదురెక్కి బానిసత్వం లేని రాష్ట్రాలకి పోవడం. 15వ చాప్టర్లో పొగమంచులో కైరో దాటిపోయింది. ఆ తర్వాత ప్రతి రాత్రీ తెప్ప బానిసత్వం ఇంకా ముదిరిన చోటికే కొట్టుకుపోయింది. చివర్లో టామ్‌ని పెంచిన పాలీ పిన్ని లెక్క ప్రకారం ఇంటినుంచి 1100 మైళ్ళు.

అందుకే హక్ ప్లాన్‌ని అంత మెచ్చుకోలేను. పగలు దాక్కుని రాత్రి నడుపుకుంటూ పోదాం అన్నాడు. ఎక్కడికి? దిగువన ఉన్నది లూయిసియానా, న్యూ ఆర్లియన్స్. తెప్ప ఎదురెక్కదు. తాళం తియ్యడానికి హక్ దగ్గర ప్లాన్ ఉంది, తాళం తీసిన తర్వాతకి లేదు. 1793 నాటి పరారీ బానిసల చట్టం ప్రకారం దాచినవాడికి 500 డాలర్ల జరిమానా. నల్ల మనిషి ఒంటరిగా రేవులో కనపడితే కాగితం అడుగుతారు.

జిమ్‌ని విడిపించగలిగేది ఒక్క కాగితమే. అది అప్పటికే ఉంది. జిమ్ యజమానురాలు మిస్ వాట్సన్ చనిపోయి రెండు నెలలైంది, వీలునామాలో జిమ్‌కి స్వేచ్ఛ రాసిచ్చింది. అది తెలిసినవాడు టామ్. నోరు విప్పలేదు.

#10 తెప్పరాయుడు

@గోదారి_గట్టు ఈ మాట ఒప్పుకుంటాను. కానీ హక్‌కి ఆ కాగితం సంగతి తెలీదు. తెలీకుండానే 31వ చాప్టర్లో నరకానికి పోయినా సరే అని, జిమ్ జాడ చెబుతూ మిస్ వాట్సన్‌కి రాసిన ఉత్తరం చింపేశాడు. వాడి ప్లాన్‌కి గమ్యం లేదన్నది నిజం, తెగింపు మాత్రం ఉంది. టామ్‌కి రెండోది అక్కర్లేకపోయింది. వాడు తప్పించింది చట్టం ప్రకారం స్వేచ్ఛ ఉన్న మనిషిని.

#11 నిలకడ

టామ్ మీద కాస్త దయ చూపండి, బాబూ. వాడు చేసిన పనుల్లో చురుకైనవి లేవా?

గుడిసెలో ఉన్నది జిమ్ అని కనిపెట్టింది వాడే. నాట్ పట్టుకెళ్ళిన అన్నంలో పుచ్చకాయ ముక్క ఉంది, కుక్కకైతే పుచ్చకాయ పెట్టరు. వెళ్ళేటప్పుడు తాళం తీశాడు, వచ్చేటప్పుడు వేశాడు, కాబట్టి ఖైదీ. హక్ అవన్నీ చూసి కూడా ఊహించలేకపోయాడు. పిల్లల్ని చూడగానే జిమ్ పేరు పెట్టి అరిస్తే, మాకేం వినపడలేదే అని నాట్‌ని దబాయించి, అది దయ్యాల పని అని నమ్మించాడు. ఆ గందరగోళంలోనే జిమ్ చెవిలో, రాత్రిళ్ళు తవ్వుడు వినపడితే మేమే అని చెప్పేశాడు. మనిషిని తప్పించేటప్పుడు లోపలివాడికి ముందే కబురందడం ముఖ్యం. లేకపోతే వాడే అరిచి పట్టిస్తాడు.

సైలస్ భార్య సాలీ పిన్ని చెంచాల లెక్క కూడా అంతే. ఆమె లెక్కపెడుతుంటే హక్ చేత ఒకటి తీయిస్తాడు, తొమ్మిదొస్తాయి. మళ్ళీ పెట్టిస్తాడు, పదొస్తాయి. ఇక జన్మలో లెక్కపెట్టనని ఆమే వదిలేసింది. తాడు మీద పెట్టిన దుప్పట్లదీ అదే తంతు. తన సరుకు లెక్క తనకే నమ్మకం లేకుండా చేస్తే దొంగతనం బయటపడదు.

#12 వేపచెట్టు_నీడ

అంత చురుకైనవాడు కొట్టు తలుపు వెయ్యడం మర్చిపోయాడు కదా 🙂 నాట్ లోపల ఉండగానే కన్నంలోంచి పదకొండు కుక్కలు మంచం కిందనుంచి వచ్చాయి, గాలి ఆడే చోటు లేకుండా. నాట్ కుప్పకూలిపోయాడు. మొక్కజొన్న రొట్టెలో దాచిన కొవ్వొత్తి స్తంభం ముక్క కొరికి జిమ్ పళ్ళు ఊడినంత పనైంది. ఎలకల బోనులో పట్టిన పదిహేనింటినీ సాలీ పిన్ని మంచం కింద పెడితే ఇంటి పిల్లాడు తలుపు తీసేశాడు. రెండు డజన్ల పాముల్ని సంచిలో వేసి మూతి సరిగ్గా కట్టలేదు. వీటిలో ఏ ఒక్కటి వికటించినా జిమ్ వీపు చిట్లేది, టామ్‌ది కాదు.

#13 పాతపుస్తకాల_అటక

చిన్న పక్కదారి. ఎలకల్నీ పాముల్నీ మచ్చిక చేసుకోవడానికి టామ్ జిమ్‌ని వాయించమనే జూస్ హార్ప్ అనే వాయిద్యాన్ని ఇంగ్లీషు తెలిసిన చాలామంది హార్ప్ అనుకుని తంబురా లాంటిదని ఊహించుకుంటారు. అది మన కచేరీల్లో మృదంగం పక్కన కూర్చునే మోర్సింగే. పళ్ళకి ఆనించి, ఉక్కు నాలికని వేలితో మీటేది. ఈ సంగతి తెలిస్తే ఆ దృశ్యం వేరే రకంగా వినపడుతుంది. నండూరి రామమోహనరావు గారి తెలుగు ట్వేన్‌తో మొదలుపెట్టి మూలానికి వెళ్ళేవాళ్ళకి ఇలాంటి చోట్లే ఆగి చూసుకోవడం బాగుంటుంది.

#14 రేవు_దగ్గర

వైఫల్యం ఎక్కడ మొదలైందో ఎవరూ సూటిగా చెప్పలేదు. ఆకాశరామన్న ఉత్తరాలు.

మూడు వారాలు గడిచేసరికి అన్నీ సిద్ధం. ఈలోపు సైలస్, జిమ్ యజమానిదని చెప్పిన న్యూ ఆర్లియన్స్ దిగువ తోటకి రెండు ఉత్తరాలు రాశాడు. అలాంటి తోటే లేదు కాబట్టి జవాబు లేదు. ఇక సెయింట్ లూయిస్, న్యూ ఆర్లియన్స్ పేపర్లలో ప్రకటన వేస్తానన్నాడు. సెయింట్ లూయిస్ అనగానే హక్‌కి వణుకు పుట్టింది, అది వాళ్ళ ఊరి వైపు. చకచకా తేల్చెయ్యాల్సిన సమయం.

అప్పుడు టామ్ చేసిన పని వరసగా: మొదట జాగ్రత్తగా ఉండమని ఓ చీటీ. మర్నాడు వీధి తలుపుకి పుర్రె, ఎముకల బొమ్మ. ఆ తర్వాత పెరటి తలుపుకి శవపేటిక. చివరికి పెద్ద ఉత్తరం: ఇండియన్ టెరిటరీ నుంచి కంతిరీ ముఠా వస్తోంది, సరిగ్గా అర్ధరాత్రి, ఉత్తరం వైపు కంచె వెంబడి, దొంగ తాళంచెవితో. తేదీ, వేళ, దారి, పద్ధతి, అన్నీ రాసిచ్చాడు!

ఫలితం: హాల్లో పదిహేను మంది రైతులు, పదిహేను తుపాకులు. కాపలా లేని చోట తనే కాపలా పెట్టించాడు. వాడికి కావలసిందీ అదే, ఎవరూ అడ్డుపడకపోతే తప్పించుకోవడంలో గొప్పేముందని.

#15 సానరాయి

ఆ రాత్రి కాళ్ళ లెక్క కూడా రాస్తాను. కొందరు రైతులు తాళం తీసుకుని గుడిసెలోకే వచ్చి చీకట్లో పొంచారు. పిల్లలూ జిమ్మూ మంచం కిందికి దూరుతుంటే ఇంచుమించు తొక్కేశారు. కన్నంలోంచి జిమ్ ముందు, హక్ తర్వాత, టామ్ చివర. అప్పటికి జిమ్ ఒంటి మీద సాలీ పిన్ని కాలికో గౌను. కొట్టులో ఆగి, అడుగుల చప్పుడు దూరమయ్యాక, ఒకరి వెనక ఒకరు వంగి కంచె దాకా. జిమ్, హక్ దాటారు. టామ్ పంట్లాం పై కర్ర పేడుకి పట్టుకుంది. లాగితే పేడు ఫట్‌మని విరిగింది. ఎవరది అని కేక, తుపాకులు పేలాయి. పిక్కలో గుండు.

మూడు వారాల ప్రణాళికలో ఆ కంచెని ఎక్కడ దాటాలో ముందు చూసుకోవడం లేదు. ఆ కొట్టుకీ కంచెకీ మధ్యే రోజూ తిరిగారు. ఓ కర్ర పగలే ఊడదీసి వదులుగా పెట్టినా చాలేది.

ఇక కుక్కలు. రైతులు వదిలిన కుక్కలు దగ్గరికొచ్చి, ఓ వీళ్ళా అన్నట్టు చూసి, పలకరించి ముందుకు పరిగెత్తాయి. ఇంటి కుక్కలే కదా. గుడిసె తలుపులోంచి టామ్ విసిరిన మాంసం ముక్క తిన్న స్నేహం. టామ్ పొరపాట్లలో కలిసొచ్చింది అదొక్కటే, అది కూడా వాడు అనుకుని చేసింది కాదు.

#16 నిలకడ

నవలాకారుడు హెమింగ్వే 1935లో, జిమ్‌ని ఎత్తుకుపోయిన చోట ఆగిపొమ్మన్నాడు, మిగతాదంతా మోసమేనని. 1948లో విమర్శకుడు ట్రిల్లింగ్, 1950లో కవి ఎలియట్ ముగింపుని సమర్థించారు, నవల మొదలైన స్వరానికి తిరిగి రావాలని. 1953లో విమర్శకుడు లియో మార్క్స్ ఆ ఇద్దరినీ ఉతికేశాడు. నేను ఎలియట్ పక్షమే గానీ, మీ లెక్కలు చూశాక ఒక సంగతి కొత్తగా తట్టింది. ట్వేన్ 1876లో మొదలుపెట్టి 1883లో ముగించాడు. మధ్యలో 1877లో, బానిసత్వాన్ని రద్దు చేసిన అంతర్యుద్ధం తర్వాత అక్కడ ఉన్న ఉత్తరాది సైన్యం కాపలా మానేసి దక్షిణాదిని వదిలేసింది. కాగితం మీద స్వేచ్ఛ ఉన్నవాణ్ణి మళ్ళీ గొలుసులో పెట్టి, ఇదిగో విడిపిస్తున్నాం అని ఆటాడటం అప్పటి పేపర్లలో రోజూ కనిపించేదే. అలా చదివితే మూడు వారాలు ఎక్కువ కాదు.

#17 గోదారి_గట్టు

అలా చదవొచ్చు. కానీ అలా చదవడానికి ట్వేన్ జిమ్ నోటికి మాటలివ్వాలి. ఆ చాప్టర్లలో జిమ్ గొణిగినా దాదాపు ప్రతిదానికీ చివరికి సరే అంటాడు. ఎలకలు కరిస్తే ఆ రక్తంతోనే చొక్కా మీద డైరీ రాస్తాడు. ఇంకెప్పుడూ ఖైదీ ఉద్యోగం చెయ్యను, జీతమిచ్చినా సరే, అంటాడు గానీ అసలైన కోపం కనపడదు. భార్యని కొనుక్కోవాలి, ఇద్దరు పిల్లల్ని విడిపించాలి అని తెప్ప మీద చెప్పిన మనిషి. చివరి చాప్టర్లో ఆ ముగ్గురి ఊసే లేదు. 2024లో పెర్సివల్ ఎవరెట్ ఇదే కథని జిమ్ వైపు నుంచి తిరిగి రాసి, పులిట్జర్ తెచ్చుకున్నది ఆ ఖాళీలోంచే.

#18 రేవు_దగ్గర

జిమ్ మాట్లాడిన చోటు ఒకటుంది. తెప్ప మీద టామ్ పిక్కలోంచి నెత్తురు కారుతుంటే, డాక్టర్ లేకుండా ఇక్కణ్ణుంచి అడుగు కదలనన్నాడు, నలభయ్యేళ్ళు పట్టినా. నదికి చేరి, తెప్ప దొరికి, కట్టు విప్పితే పోయేదే. అక్కడ ఆగాడు. డాక్టర్‌కి సాయం కావాలంటే దాక్కున్న చోటినుంచి బయటికొచ్చాడు, అందుకే దొరికాడు.

దొరికాక రెండోసారి ఎలా కట్టారో చూడండి. గొలుసు మంచం కోడుకి కాదు, అడుగు దుంగలో దిగగొట్టిన పెద్ద చీలకి. రెండు చేతులకీ రెండు కాళ్ళకీ. రొట్టె, నీళ్ళు. రాత్రిళ్ళు తుపాకులతో రైతులు, పగలు తలుపు దగ్గర బుల్‌డాగ్. మొదటిసారి ఉన్న సందులన్నీ మూసేశారు. అవి మూసుకోవడానికి కారణం టామ్ ఉత్తరాలే.

#19 తెప్పరాయుడు

ఇంకో లెక్క కూడా ఉంది, డబ్బుది. రాజునని చెప్పుకుని తెప్ప మీద చేరిన మోసగాడు జిమ్‌ని అమ్మింది 40 డాలర్లకి. అంతకు ముందు 16వ చాప్టర్లో, పారిపోయిన బానిసల్ని వెతికే ఇద్దరు హక్ తెప్ప మీద మసూచి ఉందని భయపడి చెరో 20 డాలర్ల బంగారు నాణెం పలక మీద పెట్టి పంపారు, అదీ 40. చివర్లో ఓపికగా ఖైదీగా ఉన్నందుకు టామ్ జిమ్ చేతిలో పెట్టింది 40. అమ్మిన ధరా, వెతకనందుకు ఇచ్చిందీ, ఆటకి కూలీ, మూడూ ఒకటే. జిమ్ ఆ డబ్బు చూసి, నా ఛాతీ మీది వెంట్రుకలు చూసి నేను మళ్ళీ డబ్బున్నవాణ్ణవుతానని ముందే చెప్పానుగా అని సంబరపడతాడు. భార్యని కొనడానికి ఎంత కావాలో ఆ పేజీలో ఎవరూ అడగరు.